ఓ పావూరా

"ఆగో!" అందావిడ.

ఆగాను. కత్తెర పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. బల్ల మీద పరిచిన తెల్లబట్ట సగం తెగి ఉంది.

"ఆగో, ఆగో!" అంది మళ్ళీ, ఈసారి చెయ్యి చాపి, కాస్త విసుగ్గా.

ఇంకేం ఆగను? ఊపిరి కూడా బిగబట్టాను. గీత తప్పి కోశానా, కొలత మరిచిపోయానా అని కళ్ళు మాత్రం తిప్పి బట్ట వైపు చూశాను. చివరికి ఆవిడే బల్ల చుట్టూ తిరిగి వచ్చి, నా భుజం దగ్గర బట్టకి గుచ్చుకుని ఉన్న సూదిని లాగి, నా ముక్కు ముందు ఆడించి, "ఆగో" అంది.

సూది అడిగిందన్నమాట. నాకు నవ్వు ఆగలేదు. నేనెందుకు నవ్వుతున్నానో ఆవిడకి తెలిసే దారి లేదు. అయినా నన్ను చూసి ఆవిడా నవ్వింది. నలభై తొమ్మిదో ఏట నేను నేర్చుకున్న మొదటి ఇటాలియన్ మాట అది.

ఇరవై రెండేళ్ళుగా నాది నాటకశాల దుస్తుల గదిలో కుట్టుపని. ఎండాకాలం మా దగ్గర నాటకాలుండవు. చిరిగినవి కుట్టుకోవడం, వదులైనవి బిగించుకోవడం, అంతే. ఆ ఏడు మాత్రం ఎండలు తగ్గగానే ఇటలీ నుంచి ఒక పాటల నాటకం వస్తోందన్నారు. పెద్ద వేషాలవాళ్ళు అక్కణ్ణుంచి వస్తారు, వెనక వరసలో నిలబడి పాడే నలభై మందీ ఇక్కడివాళ్ళు. ఆ నలభై మందికీ బట్టలు కుట్టించడానికి తమ దుస్తులావిడను మూడు నెలల ముందే పంపారు. అరవై దాటిన మనిషి. పొట్టిగా, గుండ్రంగా, నోటినిండా ఎప్పుడూ గుండుసూదులతో ఉండేది. వచ్చిన రోజునే పేరు చెప్పింది గానీ, గుండుసూదుల మధ్య నుంచి చెప్పడం వల్ల ఎవరికీ అర్థం కాలేదు. మళ్ళీ అడగడానికి మొహమాటం. సిన్యోరా అని, అంటే అమ్మగారూ అని, పిలిచేవాళ్ళం. మాటలు చెప్పి పెట్టడానికి ఒక మనిషిని పంపుతామని ఆఫీసువాళ్ళు అన్నారు. ఆ మనిషి ఇవాళ వస్తాడు, రేపు వస్తాడు అనుకుంటుండగానే మేమిద్దరం అతని అవసరం లేని స్థితికి వచ్చేశాం.

మా గది నాటకశాలలో అన్నిటికన్నా పైన ఉంటుంది. పైకప్పులో సగం గాజు పలకలు. మధ్యాహ్నాలు వాటి మీద పావురాలు నడిచేవి. వాటి కాళ్ళ నీడలు కింద పరిచిన బట్ట మీద చిన్న చిన్న కొమ్మల్లా కదిలేవి. ఇస్త్రీపెట్టె ఆవిరి మెల్లగా పైకి లేచి ఆ వెలుతుర్లో కలిసిపోయేది. ఆ ఆవిరిలోంచి ఆవిడ మాటలు ఒక్కొక్కటే నా దగ్గరికి వచ్చేవి. ఫీలో, దారం. స్తోఫా, బట్ట. మానికా, చొక్కా చెయ్యి. దితాలె, వేలికి పెట్టుకునే తొడుగు. ఏ మాటా పళ్ళ మధ్య ఇరుక్కునేది కాదు. అన్నీ నోరు తెరుచుకునే ఆగేవి, మన మాటల్లాగే. "దోవె?" అంటే ఎక్కడ అని. దోవ తెలియనివాళ్ళు అడిగే ప్రశ్నే కదా అని గుర్తు పెట్టుకున్నాను. ఆవిడ అడిగేది, నేను చూపించేదాన్ని. నేను అడిగేదాన్ని, ఆవిడ చూపించేది. మధ్యలో మన మాటలు కూడా కొన్ని ఆవిడకి ఇచ్చాను. ఆవిడ వాటిని ఒక చిన్న పుస్తకంలో తన అక్షరాల్లో రాసుకుని, నేను కుడుతుంటే గొణుక్కుంటూ ఉండేది.

సాయంత్రం ఇంటికి నడుస్తుంటే వీధి మెల్లగా పేర్లు మార్చుకునేది. తలుపులు పోర్తాలయ్యేవి, కిటికీలు ఫినెస్త్రాలయ్యేవి. రోజూ నడిచే వీధే. ఇప్పుడే ఎవరో కడిగి ఆరబెట్టినట్టుండేది. మా ఇల్లు మూడో అంతస్తు. మెట్లు ఊనో, దూయె, త్రె అని లెక్కపెడుతూ ఎక్కేదాన్ని. నలభై ఎనిమిది మెట్లు. ఇరవై దాటాక అంకెలు రాక మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టేదాన్ని.

తలుపు తియ్యగానే మా వదిన గొంతు.

"వచ్చావా? వీడు పొద్దుటి నుంచి నీ కోసమే చూస్తున్నాడు. కాఫీ కావాలట. కిటికీ మూసెయ్యమంటున్నాడు. మధ్యాహ్నం కూర బాగుందన్నాడు."

మావారు ఏమీ అనలేదు. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని నావైపు చూస్తున్నారు, అంతే.

మావారు ముప్పై ఏళ్ళు బళ్ళో వ్యాకరణం చెప్పిన మాస్టారు. బడి వదిలాక కూడా చెప్పడం మానలేదు. దుకాణం ముందు బోర్డు మీద దీర్ఘం తప్పితే లోపలికెళ్ళి చెప్పి వచ్చేవారు. శుభలేఖ ఇవ్వడానికి వచ్చినవాళ్ళు, ఆయన చదివి తల ఎత్తేదాకా ఊపిరి తీసుకునేవాళ్ళు కాదు. అంతకు ముందు చలికాలంలో ఒక పొద్దున మొహం కడుక్కుంటూ కుప్పకూలిపోయారు. కుడి చెయ్యీ మాటా రెండూ పోయాయి. చెయ్యి కొంచెం కొంచెంగా తిరిగి వచ్చింది. "మీరు అన్నది ఆయనకి అంతా తెలుస్తుందమ్మా, లోపలి మాట బయటికి వచ్చే దారే మూసుకుంది. మాట్లాడిస్తూ ఉండండి, మెల్లగా తెరుచుకోవచ్చు" అన్నాడు డాక్టరు.

మొదట్లో ప్రయత్నించారు. కిటికీని చెంచా అన్నారు. నన్ను "పుస్తకం" అని పిలిచారు. ఒకరోజు పాత శిష్యుడొకడు చూడటానికి వచ్చాడు. వాణ్ణి "కూర్చో" అనబోయి "కురిపించు" అన్నారు. ఆ అబ్బాయి మంచివాడే, నవ్వు కనపడకుండా తల దించుకున్నాడు. ఆ తల దించుకోవడాన్నే ఆయన చూశారు. ఆ రోజు నుంచి నోరు విప్పలేదు.

మా వదిన ఆయన అక్కయ్య. నేను పనికి పోతే ఆయన దగ్గర ఎవరుంటారని తన ఇల్లూ వాకిలీ వదిలి వచ్చి కూర్చుంది. మనసు వెన్న. నోటికి మాత్రం సెలవులు లేవు. తమ్ముడు మాట్లాడలేకపోతున్నాడు కదా అని ఆ మాటలు కూడా తనే మాట్లాడేసేది. ఆయన కళ్ళు అటు తిరిగితే నీళ్ళు కావాలట, ఇటు తిరిగితే నిద్ర వస్తోందట. పదింట తొమ్మిదిసార్లు నిజంగానే నీళ్ళు కావాల్సి ఉండేది. అదే వచ్చిన చిక్కు.

నేను కాగితం ముక్కల మీద ఆ ఇటాలియన్ మాటలు, సిన్యోరా చెప్పినట్టే రంగుతో సహా, తెలుగు అక్షరాల్లో రాసి ఇంట్లో వస్తువులకి అతికించడం మొదలుపెట్టాను. తలుపుకీ, కుర్చీకీ, అద్దానికీ, నీళ్ళ కూజాకీ. మా వదిన వాటిని చూసి, "ఇల్లు అమ్మకానికి పెట్టావా ఏమిటే?" అంది. ఆయన తన కుర్చీకి అతికించిన చీటీని వంగి చదివి, నావైపు చూసి, కనుబొమ అదోరకంగా ఎత్తారు. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

ఒక సాయంత్రం పని మిగిలిపోయి, ఒక ఎర్ర పావడాని ఇంటికి తెచ్చుకున్నాను, అంచు మడవడానికి. ఆయన కాళ్ళ దగ్గర కింద కూర్చుని కుడుతూ, పాఠం వల్లె వేసుకుంటున్నాను. గొన్నా రోస్సా, ఎర్ర పావడా. స్తోఫా రోస్సా, ఎర్ర బట్ట. ఫీలో రోస్సా, ఎర్ర దారం. వంటింట్లోంచి మా వదిన తన చిన్న కోడలికి ఉప్పు తక్కువ వెయ్యడం ఎంత చెప్పినా రాలేదని చెప్తోంది.

"సో."

ఎవరో దగ్గినట్టు వినపడింది. తలెత్తాను. ఆయన పెదాలు కూడదీసుకుంటున్నారు. ఎడమ చేత్తో నా చేతిలో దారాన్ని చూపించారు.

"ఫీలో... రోస్సో."

నేను అలాగే చూస్తుండిపోయాను. ఆయన కాస్త చిరాగ్గా కుర్చీ మీద చీటీ, కూజా మీద చీటీ, కిటికీ మీద చీటీ వరసగా చూపించారు. ఓ ఉన్నచోట ఓ, ఆ ఉన్నచోట ఆ. ఇంట్లో అతికించిన చీటీలన్నీ చూసి ఒక సూత్రం పట్టేశారు. రెండున్నర నెలల తరవాత ఆయన నోటివెంట వచ్చిన మొదటి మాట నా తప్పు దిద్దడానికి వచ్చింది.

"ఫీలో రోస్సో" అన్నాను.

తల ఊపారు. వంటింట్లో మా వదిన ఇంకా ఉప్పు దగ్గరే ఉంది. నేను ఏమీ జరగనట్టు తల వంచుకుని కుట్టాను. ఆ అంచు తరవాత విప్పి మళ్ళీ కుట్టాల్సి వచ్చింది. ఒక్క కుట్టు కూడా వరసలో లేదు.

మర్నాడు సిన్యోరాతో "ఫీలో రోస్సో" అంటే, గుండుసూదులు ఒక్కొక్కటే నోట్లోంచి తీసి దిండుకి గుచ్చి, ఎవరు చెప్పారన్నట్టు చెయ్యి తిప్పింది. నిన్నటిదాకా నేను ఆ మాట తప్పే అంటున్నాను, ఆవిడ మర్యాదకి ఊరుకుంటోంది. "మియో మారీతో" అన్నాను, మావారు. "మాస్టారు" అని కలిపాను.

"మాయెస్త్రో!" అని రెండు చేతులూ పైకెత్తింది. ఆ రోజు నుంచి ఆవిడ రోజూ అడిగే మొదటి ప్రశ్న: మాయెస్త్రో ఎలా ఉన్నారు?

ఆ తరవాతి వారాలు ఇప్పుడు తలుచుకుంటే ఒకే పొడుగాటి సాయంత్రంలా అనిపిస్తాయి. ఎండ కిటికీ రెక్క మీద నుంచి గోడ మీదికి, గోడ మీద నుంచి ఆయన మోకాళ్ళ మీదికి జారుతుండేది. మేం ఒకే బెంచీ మీద కూర్చున్న ఒకటో తరగతి పిల్లలం. నేను సంచీలో కూరగాయలు తెచ్చినట్టు మాటలు తెచ్చి కుమ్మరించేదాన్ని. ఆయన ఏరి, రకాలు విడదీసి, కట్టలు కట్టేవారు. ఎడమ చేత్తో వంకరటింకర అక్షరాలు రాసేవారు. తప్పులు ఇద్దరికీ వచ్చేవి. చెంచాని వాళ్ళు కుక్కియాయో అంటారు. ఆయన అది అనబోయి మధ్యలో "కుక్క" దగ్గర చిక్కుకుపోయి, మూడుసార్లు కుక్కనే పిలిచి, నాలుగోసారి చేత్తో టేబుల్ మీద కొట్టారు. కోపం వచ్చిందనుకున్నాను. మూతి ఒక పక్కకే వంగింది. నవ్వుతున్నారు!

తెలుగులో అంత తప్పు వస్తే ఆయన వారం రోజులు ఎవరి మొహమూ చూసేవారు కాదు. ఇందులో తప్పుకి చుట్టాలెవరూ లేరు. వచ్చేది, పోయేది.

ఒకరోజు సిన్యోరాకి పై అరలో ఉన్న పెట్టె కావాల్సి వచ్చింది. నిచ్చెన వేసి, నన్ను పట్టుకోమని తనే ఎక్కింది. నాలుగు మెట్లెక్కి ఆగిపోయింది. "ఓ పావూరా" అంది.

నేను గాజు కప్పు వైపు చూశాను. ఆ రోజు పావురాలు చాలానే ఉన్నాయి.

"ఓ పావూరా!" అని గట్టిగా అంది.

"ఉన్నాయి లెండి, రోజూ ఉండేవే" అన్నాను తెలుగులో.

నిచ్చెన వణకడం మొదలుపెట్టాక గానీ నాకు తట్టలేదు. కళ్ళు గట్టిగా మూసుకుని, ఒక చెయ్యి గుండెల మీద పెట్టుకుని ఉంది. దింపి, కూర్చోబెట్టి, నీళ్ళిచ్చాక చెప్పింది. పావూరా అంటే భయం. ఓ అంటే నా దగ్గర ఉంది. మనకి భయం వేస్తుంది. వాళ్ళకి భయం దగ్గర ఉంటుంది, జేబులో రుమాలు ఉన్నట్టు.

ఇంటికొచ్చి ఆయనకి ఈ కథంతా నటించి చూపించాను. నిచ్చెన బదులు కుర్చీ ఎక్కాను. పావురాలు నేనే, సిన్యోరా నేనే. ఆయన భుజాలు ఊగిపోయేలా, గొంతు బయటికి వచ్చేలా నవ్వారు. ఆ చప్పుడికి మా వదిన చేతిలో గరిటెతో పరుగెత్తుకొచ్చింది.

"ఏమైంది? వాడికేమైంది?"

"నవ్వుతున్నారు వదినా."

ఆవిడ కాసేపు ఆయన్నీ నన్నూ చూసింది. కుర్చీ మీద నిలబడ్డ మరదలు, కళ్ళనీళ్ళు తుడుచుకుంటున్న తమ్ముడు. "దేనికి?" అంది. చెప్పబోయాను. తెలుగులో చెప్తే అందులో నవ్వడానికేమీ మిగల్లేదు. మా వదిన గరిటెతో వెనక్కి వెళ్ళిపోయింది.

మర్నాడు నేను పనికి బయల్దేరుతుంటే మెట్ల దగ్గరికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"ఏంటే ఈ చోద్యం? సొంత భాషలో అక్కా అనలేనివాడికి పరాయి భాష నేర్పుతున్నావా?"

"నేనెక్కడ నేర్పుతున్నాను వదినా, ఆయనే నాకు నేర్పుతున్నారు."

"నవ్వులాటలు వద్దు. వాడు నన్ను అక్కా అని పిలిచి ఐదు నెలలైంది. సూదిని ఎవరో ఏమంటారో అది మాత్రం చెప్తాడు. పొద్దుటి నుంచీ సాయంత్రం దాకా వాడికి ఎదురుగా కూర్చునేది నేను. ఒక్క మాట నాతో అన్నాడా?"

ఆవిడ గొంతు అలా అవడం నేనెప్పుడూ వినలేదు. "వదినా, మీరు ఆయనకి అవకాశం ఇస్తే కదా" అనేశాను. అనకూడని మాట. అందులో ఎంత నిజముందో అంత అనకూడదు.

ఆవిడ మొహం తుడుచుకుంది. "సరే. నాటకం కాగానే వాణ్ణి మా ఇంటికి తీసుకుపోతాను. అక్కడ మెట్లెక్కే పని లేదు. మనుషులుంటారు. నువ్వా, పొద్దున పోతే సాయంత్రం వస్తావు. నేనెన్నాళ్ళని నా ఇల్లు వదిలి ఇక్కడుండను? కాదంటే చెప్పు."

కాదనడానికి ఏముంది? పని మానేస్తే ఇల్లు గడవదు. వదిన వెళ్ళిపోతే ఆయన ఒంటరిగా ఉండలేరు. ఆ సాయంత్రం ఆయన ముందే మళ్ళీ ఆ మాట తెచ్చింది. "వాడికీ అదే ఇష్టం. ఏరా తమ్ముడూ, మనింటికి పోదామా? చూడు, ఊఁ అంటున్నాడు."

ఆయన ఊఁ అనలేదు. నేను ఆయన మొహం చూడకుండా పళ్ళేలు తీసుకుని వెళ్ళిపోయాను. నా లోపల ఒక మూల, ఎక్కడో, కొంచెం హాయిగా కూడా అనిపించింది. ఆ మూలని ఇప్పటికీ నేను పూర్తిగా క్షమించలేదు.

తరవాతి సెలవు రోజు మధ్యాహ్నం. ఎండ తెల్లగా మండుతోంది. తెరలు వేసేశాం, గది నీళ్ళ అడుగున ఉన్నట్టుంది. పక్క గదిలో మా వదిన నిద్రపోతోంది. నేను బొత్తాలు కుడుతున్నాను. ఆయన మంచం మీద కప్పు వైపు చూస్తూ పడుకున్నారు.

"ఓ పావూరా" అన్నారు.

నవ్వుతూ కిటికీ వైపు చూశాను. తెర కదలడం లేదు. దాని వెనక ఏ నీడా లేదు.

"ఎక్కడ?" అన్నాను. "దోవె?"

ఎడమ చెయ్యి తీసి గుండెల మీద పెట్టుకున్నారు.

ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన నాతో ఆ మాట అనలేదు. ఆసుపత్రిలో కూడా అనలేదు. నేను సూదిని బట్టకి గుచ్చి పక్కన పెట్టాను. వెళ్ళి మంచం అంచున కూర్చున్నాను. వాళ్ళ భాషలో "నాక్కూడా" అనడానికి ఒక మాట ఉంది. సిన్యోరా ఆకలేస్తోందన్నప్పుడల్లా నేను వాడే మాట.

"ఆంకీయో" అన్నాను.

చాలాసేపటి తరవాత ఆయన ఒక్కో మాటా పోగుచేసుకుంటూ అన్నారు. "కాజా... సొరెల్లా... నో." అక్కయ్య ఇల్లు, వద్దు. తరవాత పరుపు మీద అరచెయ్యి ఆనించి, "క్వీ" అన్నారు. ఇక్కడ.

మా వదిన లేచాక చెప్పాను. ఆవిడ జడ అల్లుకుంటూ వింది.

"వాడు అన్నాడా, నువ్వు అనిపించావా?"

"ఆయనే అన్నారు."

"అయితే నాతో అనమను. నాకు తెలిసిన భాషలో అనమను. అప్పుడు నేనే పోతాను."

అది అన్యాయమైన మాట కాదని నాకూ తెలుసు. తనకి రాని భాషలో వచ్చిన జవాబుని ఎవరు మాత్రం ఎలా నమ్ముతారు?

ఎండలు తగ్గాయి. ఇటలీవాళ్ళు దిగారు. నాటకశాలలో మెట్ల మీద నుంచి కింది దాకా పాటలు. నలభై జతల బట్టలూ ఇస్త్రీ అయి, వరసగా కొయ్యలకి వేలాడుతున్నాయి. మొదటి ఆటకి ముందు రోజు మధ్యాహ్నం, మాయెస్త్రోని తీసుకురమ్మని సిన్యోరా పట్టుబట్టింది. ఆయన ఐదు నెలలుగా ఇల్లు దాటలేదు. చొక్కా బొత్తాలు తనే పెట్టుకున్నారు. పావుగంట పట్టింది, నన్ను ముట్టుకోనివ్వలేదు. మా వదినా నేనూ చెరోవైపు నిలబడ్డాం. మెట్టు మెట్టుకీ పెదాలు కదుపుతూ దిగారు. ఇరవై దాటాక కూడా ఆగలేదు. తరవాతి అంకెలు ఎప్పుడు నేర్చుకున్నారో నాకు తెలియదు.

దుస్తుల గది చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. పైనుంచి పడే వెలుతుర్లో నలభై ఖాళీ దుస్తులు గాలికి కొంచెం కొంచెం ఊగుతున్నాయి. ఎవరో నిద్రలో ఊపిరి తీస్తున్నట్టుంది. సిన్యోరా ఎదురొచ్చింది. ఆ రోజు నోట్లో ఒక్క గుండుసూది కూడా లేదు.

ఆయన నిటారుగా నిలబడ్డారు. ఇంట్లో వారం నుంచి తయారుచేసుకుంటున్న వాక్యం అది. "గ్రాత్సియె, సిన్యోరా. లేయి ఏ... ఉనా బ్రావా... మాయెస్త్రా." కృతజ్ఞతలమ్మా, మీరు మంచి ఉపాధ్యాయురాలు. చివరి అచ్చులు ఎక్కడా తప్పలేదు.

ఆవిడ రెండు చేతులూ చెంపలకి ఆనించుకుంది. తరవాత చిన్నపిల్లలా సిగ్గుపడుతూ ఆ చిన్న పుస్తకం తీసింది. తనూ ఒక వాక్యం తయారుచేసుకుంది! నాతో కూడా చెప్పలేదు. గొంతు సవరించుకుని, పుస్తకం దూరంగా పట్టుకుని, తెలుగులో చదివింది.

"మీ భార్య... చాలా బాగా... కుట్టాడు."

నేను నవ్వబోయాను. ఆయన కనుబొమల మధ్య గీత పడింది. ఆ గీతని చలికాలం నుంచి నేను చూడలేదు.

"కుట్టాడు కాదు" అన్నారు. "కుట్టింది."

ఎక్కడో కింద ఎవరో గొంతు సరిచేసుకుంటూ ఒకే స్వరాన్ని మళ్ళీ మళ్ళీ పాడుతున్నారు.

"మళ్ళీ" అన్నారు సిన్యోరాతో, వేలు ఎత్తి.

"కుట్టింది" అంది ఆవిడ, భయభక్తులతో.

"ఆఁ."

ఏం చేశారో ఆయనకి అప్పటికి గానీ తెలియలేదు. నావైపు చూశారు. నేను బల్ల అంచు పట్టుకున్నాను. అప్పుడు ఆయన మెల్లగా తన అక్కయ్య వైపు తిరిగారు.

"అక్కా" అన్నారు.

మా వదిన నోరు తెరిచింది.

"నే... నేను..." అని ఆగిపోయారు. మాట కోసం వెతుక్కుంటున్నారు. కళ్ళు గాజు కప్పు మీద, బట్టల మీద, నేల మీద తిరుగుతున్నాయి. మా వదిన పెదాలు కదులుతున్నాయి. ఆవిడకి ఆ మాట తెలుసు, నాలుక చివరే ఉంది, అందించడం ఒక్క క్షణం పని. ఆవిడ చేత్తో తన నోరు గట్టిగా మూసేసుకుంది. వేళ్ళ సందుల్లోంచి కళ్ళు మాత్రం కనపడుతున్నాయి.

"ఇక్కడే..." అన్నారు ఆయన. ఎంతసేపయిందో నాకు తెలియదు. "ఉంటాను."

మా వదిన తల ఊపింది. నోటి మీద చెయ్యి తియ్యకుండానే ఊపింది.

నాటకం వారం రోజులాడింది. నేను తెర పక్కనే నిలబడి అంతా చూశాను గానీ, పాటల్లో నాకు అందింది నాలుగైదు మాటలే. సిన్యోరా వెళ్ళేటప్పుడు నన్ను కావిలించుకుని చాలా చెప్పింది, అదీ సగమే అర్థమైంది. మిగతా సగం ఏమై ఉంటుందో మేమిద్దరం చాలా సాయంత్రాలు ఊహించుకున్నాం.

మా వదిన ఒక్కతే ఊరికి వెళ్ళింది. పగలు ఆయనకి తోడుగా కింది అంతస్తు ఆవిడ వచ్చి కూర్చుంటానంది. వదినను బండి ఎక్కించడానికి మేం ఇద్దరం వెళ్ళాం. కిటికీలోంచి తల బయటపెట్టి, "ఆదివారం ఫోన్ చేస్తాను. నువ్వే ఎత్తాలి. దాని చేతికి ఇచ్చావో, పెట్టేస్తాను" అంది తమ్ముడితో.

ఆయనకి అన్ని మాటలూ తిరిగి రాలేదు. ఇప్పటికీ అలిసిపోతే కిటికీని చెంచా అంటారు. ఆ ఆదివారానికి ఇంకా ఎన్నో రావాల్సి ఉంది. ఫోన్ మోగింది. నేను గుమ్మంలో తడి చేతులతో నిలబడ్డాను. ఆయన ఎడమ చేత్తో ఎత్తి చెవికి పెట్టుకున్నారు.

అటునుంచి ఏమీ వినపడలేదు. మా వదిన ఫోన్ చేసిందంటే గది అవతలికి వినపడాలి. లైను పోయిందేమోనని దగ్గరికెళ్ళి చెవి పెట్టాను. లైను పోలేదు. ఆవిడ ఊపిరి వినపడుతోంది. ఆయన పెదాలు కదుపుకుంటున్నారు, ఆగుతున్నారు, మళ్ళీ మొదలుపెడుతున్నారు. వంటింట్లో కుళాయి కింద పెట్టిన గిన్నె నిండి పొర్లిపోయింది. అవతల ఆవిడ ఒక్క మాట అందించలేదు.

"అక్కా" అన్నారు చివరికి. "భోజనం... అయిందా?"

"అయింది, తమ్ముడూ" అంది మా వదిన. అని, మళ్ళీ ఊరుకుంది, ఆయన వంతు కోసం.